చేతిలో ఉన్న ఫోన్‌ను తయారుచేసింది ఎవరు?



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత మేం ఎక్కువగా వినే మాట ఫోన్. "టీచర్ గారూ, అన్నం తినాలన్నా ఫోన్ చేతిలో ఉండాల్సిందే", "మీరైనా గట్టిగా చెప్పండి" అంటుంటారు. చెబుతూనే ఉన్నాం. ఈ నెల మాత్రం అదే ఫోన్‌ను ఇంకోవైపు నుంచి చూద్దాం. అందులో పిల్లలు చూసే వీడియోల సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ వస్తువు సంగతి మాట్లాడుకుందాం.

టెలిఫోన్ కనిపెట్టింది గ్రాహంబెల్ అని పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. "మరి సెల్‌ఫోన్?" అంటే ఇప్పుడు షాపులో కనిపించే ఏదో ఒక కంపెనీ పేరు చెబుతారు. "మన దగ్గర ఫోన్లు తయారవుతాయా?" అంటే "చైనాలో కదా టీచర్!" అంటారు. రెండూ సగం జవాబులే. మిగతా సగంలో ఒక మంచి కథ ఉంది. అందులో అమెరికా ఉంది, ఫిన్లాండ్ ఉంది, మన హైదరాబాద్, మేడ్చల్, శ్రీసిటీ కూడా ఉన్నాయి. చదివి, మీ మాటల్లో పిల్లలకు చెప్పండి.

పీపీ నంబర్ రోజులు

మీలో చాలామందికి పీపీ నంబర్ గుర్తుండే ఉంటుంది. వీధికి ఒకటో రెండో ఫోన్లు. మన అప్లికేషన్ మీద పక్కింటివాళ్ల నంబర్ రాసి, దాని పక్కన 'పీపీ' అని పెట్టేవాళ్లం. ఊరి నుంచి ఫోన్ వస్తే పక్కింటాయన గోడ మీదుగా కేక వేసేవారు. అవతలివాళ్లు పెట్టేసి, ఐదు నిమిషాలాగి మళ్లీ చేసేవారు. మనం పరుగెత్తుకుంటూ వెళ్లి, వాళ్ల హాల్లో అందరూ వింటుండగానే మన ఇంటి కష్టసుఖాలు మాట్లాడుకునేవాళ్లం. మనం ఎవరికైనా చేయాలంటే బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్. రాత్రి రేటు తగ్గేదాకా ఆగి, మీటర్ మీద కన్నేసి మాట్లాడటం అలవాటు.

ఈ అలవాటు వెనక ఒక విషయం ఉంది. అప్పటి ఫోన్ నంబర్ మనిషిది కాదు, చోటుది. నంబర్ నొక్కితే ఒక ఇంట్లోనో ఆఫీసులోనో గంట మోగేది. ఆ సమయానికి మనకు కావలసిన మనిషి అక్కడ ఉంటే అదృష్టం. సెల్‌ఫోన్ తెచ్చిన అసలు మార్పు తీగ పోవడం ఒక్కటే అనుకుంటాం. దానికంటే పెద్ద మార్పు, నంబర్ చోటును వదిలి మనిషికి చేరడం. ఈ ఆలోచనను పట్టుకుని చేతిలో పట్టే ఫోన్‌ను మొదట తయారుచేసిన కంపెనీ మోటరోలా.

కారు రేడియో కంపెనీ

మోటరోలా 1928లో అమెరికాలోని చికాగోలో గాల్విన్ అనే అన్నదమ్ములు పెట్టిన చిన్న కంపెనీ. 1930లో వాళ్లు కార్లలో పెట్టుకునే రేడియో అమ్మడం మొదలుపెట్టారు. మోటరోలా అన్న పేరు కూడా మోటారు కారు నుంచే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు చేతిలో పట్టుకుని మాట్లాడే రేడియోలు చేసింది. వైర్లు లేకుండా మాట పంపడం, పరికరాన్ని బరువు తగ్గించి చేతికి అందించడం, ఈ రెండు పనులూ ఆ కంపెనీకి అలా అలవాటయ్యాయి.

1946లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో కారు ఫోన్ సేవ మొదలైంది. ఆ పరికరం బరువు దాదాపు 36 కిలోలు. కారు డిక్కీలో పెట్టాలి. ఒక నగరం మొత్తానికి ఒకేసారి మాట్లాడగలిగేది కొద్దిమందే. మిగతావాళ్లు లైను ఖాళీ అయ్యేదాకా కాచుకుని ఉండాలి.

1970 నాటికి అమెరికాలో టెలిఫోన్ అంటే ఏటీ అండ్ టీ కంపెనీయే. దాని పరిశోధనశాల పేరు బెల్ ల్యాబ్స్. భవిష్యత్తు కారు ఫోన్లదేనని వాళ్ల నమ్మకం. మోటరోలాలో పనిచేసే మార్టిన్ కూపర్ అనే ఇంజినీర్ ఇందుకు ఒప్పుకోలేదు. మనం మాట్లాడాలనుకునేది ఇంటితోనో కారుతోనో కాదు, మనిషితో కదా అన్నది ఆయన వాదన. ఆయన బృందం సుమారు మూడు నెలల్లో ఒక నమూనా తయారుచేసింది. బరువు కిలోకు కాస్త పైన. చూడటానికి ఇటుకలా ఉండేది.

1973 ఏప్రిల్ 3న కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి ఆ ఫోన్‌తో ఒక నంబర్‌కు కాల్ చేశారు. ఎవరికో తెలుసా? బెల్ ల్యాబ్స్‌లో ఇదే పని మీద ఉన్న పోటీదారు జోయెల్ ఎంగెల్‌కు! చేత్తో పట్టుకున్న సెల్‌ఫోన్ నుంచి మాట్లాడుతున్నానని ఆయనకే చెప్పారు. పిల్లలకు ఈ భాగం చాలా నచ్చుతుంది.

ఆ తర్వాతి భాగం కూడా చెప్పండి. ఆ నమూనా మార్కెట్లో అమ్మే ఫోన్‌గా మారడానికి పదేళ్లు పట్టింది. 1983లో మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్‌కు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. బరువు దాదాపు 800 గ్రాములు. పది గంటలు ఛార్జింగ్ పెడితే అరగంట మాట్లాడొచ్చు. ధర 3,995 డాలర్లు. ఆ పదేళ్లలో కంపెనీ దీని మీద పెట్టిన ఖర్చు దాదాపు 10 కోట్ల డాలర్లు. ఒక ఐడియా రావడం ఒక రోజు పని. దాన్ని వస్తువుగా నిలబెట్టడం పదేళ్ల పని.

'సెల్' అంటే ఏమిటి?

ఇంతకీ దీన్ని సెల్‌ఫోన్ అని ఎందుకన్నారు? బ్యాటరీని కూడా మనం సెల్ అంటాం కాబట్టి, అందుకే ఆ పేరు వచ్చిందని చాలామంది పిల్లలు అనుకుంటారు. ఈ సెల్ వేరు. ఇక్కడ సెల్ అంటే తేనెపట్టులో గది లాంటి చిన్న ప్రాంతం.

మన ఊరి ఉదాహరణతో చూద్దాం. నెమలి వేణుగోపాలస్వామి ఉత్సవాల్లో గుడి దగ్గర మైకు పెట్టారనుకోండి. అదే రోజు పక్క వీధిలో పెళ్లి మైకు కూడా మోగితే రెండూ కలిసి గోల అవుతుంది. ఏదీ అర్థం కాదు. ఆ పెళ్లి గంపలగూడెంలో జరిగితే ఇబ్బంది లేదు. దూరం ఉంది కాబట్టి రెండు చోట్లా ఒకేసారి మైకులు మోగొచ్చు.

రేడియో తరంగాలదీ ఇదే లెక్క. పాత కారు ఫోన్ పద్ధతిలో నగరం మధ్యలో ఒకే పెద్ద టవర్ ఉండేది. అది ఊరంతటికీ వినిపించే ఒకే పెద్ద మైకు లాంటిది. ఉన్న కొద్ది ఫ్రీక్వెన్సీలు కొద్దిమందికే సరిపోయేవి. 1947లోనే బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లకు ఒక ఉపాయం తట్టింది. పెద్ద మైకు తీసేసి, వీధికొక చిన్న మైకు పెడితే? నగరాన్ని తేనెపట్టు గదుల్లా చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తక్కువ శక్తి ఉన్న టవర్ పెట్టాలి. పక్కపక్క గదుల్లో వేరువేరు ఫ్రీక్వెన్సీలు, దూరంగా ఉన్న గదుల్లో మళ్లీ అవే ఫ్రీక్వెన్సీలు. ఉన్నవాటినే తిప్పితిప్పి వాడుకోవడం వల్ల వేలమంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. ఆ గదే సెల్.

మరి బస్సులో వెళ్తుంటే? నెమలి నుంచి తిరువూరు వెళ్లే దారిలో ఫోన్ ఒక టవర్ పరిధి దాటి ఇంకో టవర్ పరిధిలోకి వెళ్తుంది. స్పోర్ట్స్ డే రిలే పరుగులో ఒకరి చేతి కర్ర ఇంకొకరు అందుకున్నట్లు, మన కాల్‌ను మొదటి టవర్ రెండో టవర్‌కు అందిస్తుంది. మాట తెగదు. కర్ర సరిగ్గా అందనప్పుడే మనం "హలో... హలో..." అంటాం.

ఈ ఉపాయం 1947లో పుట్టినా, ఆచరణలోకి రావడానికి కంప్యూటర్ చిప్పులు రావాల్సి వచ్చింది. జపాన్‌లో 1979లో, ఉత్తర ఐరోపా దేశాల్లో 1981లో సెల్యులార్ సేవలు మొదలయ్యాయి. దీన్నే ఇప్పుడు 1జీ అంటున్నాం.

కాగితం మిల్లు నుంచి నోకియా దాకా

అక్కడ ఉత్తర ఐరోపాలో, ఫిన్లాండ్ అనే చలిదేశంలో ఒక కంపెనీ ఉంది. 1865లో కాగితం మిల్లుగా మొదలైంది. ఆ తర్వాత రబ్బరు బూట్లు, కేబుల్ వైర్లు కూడా దాని ఖాతాలో చేరాయి. నోకియా అన్నది అక్కడి ఒక ఊరి పేరు. బూట్లు చేసిన కంపెనీ ఫోన్లు చేసిందంటే పిల్లలు నమ్మరు. కానీ నిజం.

1991 జులై 1న ఫిన్లాండ్‌లో ప్రపంచంలోనే మొదటి జీఎస్ఎం కాల్ జరిగింది. జీఎస్ఎం అంటే మాటను అంకెలుగా మార్చి పంపే డిజిటల్ పద్ధతి. 2జీ అన్నది ఇదే. మన ఫోన్లో సిమ్ కార్డు, ఎస్ఎంఎస్ ఈ పద్ధతితో వచ్చినవే. మొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్షలు.

మోటరోలా అప్పటికి పాత అనలాగ్ ఫోన్లలో తిరుగులేని కంపెనీ. ఆ ధీమాతో డిజిటల్‌కు మారడంలో వెనకబడింది. నోకియా ముందే మారింది. 1998లో ప్రపంచంలో ఎక్కువ ఫోన్లు అమ్మే కంపెనీ స్థానం మోటరోలా నుంచి నోకియాకు వెళ్లింది. అదే ఏడాది మోటరోలా వెన్నుదన్నుగా నిలిచిన ఇరిడియం సేవ మొదలైంది. 66 ఉపగ్రహాలతో ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మాట్లాడే ఫోన్ అది. సాంకేతికంగా గొప్ప పని. కానీ ఫోన్ బరువు, ధర ఎక్కువ. ఇంటి లోపల సిగ్నల్ అందదు. ఏడాది తిరగకముందే, 1999 ఆగస్టులో, ఆ సంస్థ దివాలా తీసింది. వాడేవాళ్ల అవసరం కంటే తన గొప్పతనం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

అందుకు భిన్నమైన ఉదాహరణ 2003లో వచ్చిన నోకియా 1100. మన ఇళ్లలో చాలామంది వాడిన ఫోన్ అదే. దుమ్ము లోపలికి పోకుండా అక్షరాల మీద ఒకే రబ్బరు పొర. చెమట చేతుల్లోంచి జారిపోకుండా గరుకు పట్టు. కరెంటు పోతే వెలిగించుకోవడానికి పైన టార్చ్. దీన్ని గీసినవాళ్లు మన లాంటి దేశాల్లో మనుషులు ఎలా బతుకుతారో చూసి గీశారు. రాత్రి పూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకు ఆ టార్చ్ ఎంత ఉపయోగమో వేరే చెప్పక్కర్లేదు. ఈ ఒక్క మోడల్ ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది.

మన దేశానికి, మన సర్కిల్‌కు

భారతదేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ కాల్‌కు వాడింది నోకియా ఫోనే. సేవ అందించింది మోదీ టెల్‌స్ట్రా అనే సంస్థ.

ముందు కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు నగరాలకు సేవలు వచ్చాయి. మిగతా దేశాన్ని 'సర్కిళ్లు'గా విభజించి లైసెన్సులు ఇచ్చారు. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదట వచ్చిన ప్రైవేటు సంస్థలు రెండు: టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. 1999లో జేటీ మొబైల్స్‌ను భారతి సంస్థ కొనేసింది. అదే ఇప్పటి ఎయిర్‌టెల్. టాటా సెల్యులార్ తర్వాత ఐడియాలో కలిసింది. ఐడియా 2018లో వొడాఫోన్‌తో కలిసింది.

ఇక్కడ మన ప్రాంతం పిల్లలకు చెప్పదగ్గ ముచ్చట ఒకటుంది. 2014లో రాష్ట్రం రెండైంది. టెలికాం లైసెన్సుల లెక్కలో మాత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే నెమలి నుంచి మధిర వెళ్తే రాష్ట్రం మారుతుంది కానీ ఫోన్ సర్కిల్ మారదు. రోమింగ్ చార్జీలు ఉన్న రోజుల్లో కూడా మన సరిహద్దు పల్లెలవాళ్లకు ఈ సౌకర్యం ఉండేది.

మొదట్లో సెల్‌ఫోన్ మాట చాలా ఖరీదు. రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయలు దాటేది. పైగా మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. అందుకే జేబులో సెల్ ఉన్నా, నంబర్ చూసుకుని ఎస్టీడీ బూత్‌కు వెళ్లి తిరిగి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. 1999 టెలికాం విధానంతో కంపెనీల మీద లైసెన్సు ఫీజు భారం తగ్గి, రాబడిలో వాటా కట్టే పద్ధతి వచ్చింది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ కూడా మొబైల్ సేవల్లోకి దిగింది. 2003 మేలో 'ఫోన్ చేసినవాళ్లే డబ్బు కట్టాలి' అన్న నియమం అమలైంది. ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది జులైలో రిలయన్స్ 501 రూపాయలు కట్టించుకుని ఫోన్ చేతికిచ్చే పథకం పెట్టింది. కూలి పనికి వెళ్లేవాళ్ల చేతికీ ఫోన్ వచ్చింది అప్పటి నుంచే. మిస్డ్ కాల్ ఇచ్చి పైసా ఖర్చు లేకుండా "చేరాను" అని చెప్పే తెలివి మనవాళ్లు అప్పుడే కనిపెట్టారు!

మన సెల్‌కాన్

ఇప్పుడు పిల్లల రెండో ప్రశ్నకు వద్దాం. మన తెలుగువాళ్లు ఫోన్లు తయారుచేశారా?

హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్స్ కొత్త కాదు. 1967లో అక్కడ ప్రభుత్వ రంగంలో ఈసీఐఎల్ ఏర్పడింది. దాని వ్యవస్థాపకులు డాక్టర్ ఏ.ఎస్.రావు మన తెలుగు శాస్త్రవేత్త. ఈసీ టీవీ పేరు మీ పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. దేశంలో తొలితరం కంప్యూటర్లు కూడా ఆ సంస్థ తయారుచేసింది. హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద ఉన్నదే.

సెల్‌ఫోన్ల విషయానికొస్తే, 2009లో హైదరాబాద్‌లో వై.గురు సెల్‌కాన్ మొబైల్స్ స్థాపించారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, లావా లాంటి భారతీయ బ్రాండ్లు అప్పుడప్పుడే లేస్తున్న కాలం అది. వాళ్లు నోకియాను ఎలా ఎదుర్కొన్నారు? మన జనం రెండు కంపెనీల సిమ్‌లు తీసుకుని, ఏది చవకైతే దానితో మాట్లాడేవారు. సిమ్ తీసి సిమ్ వేసుకోవడం రోజూ పనే. రెండు సిమ్‌లు ఒకే ఫోన్లో పట్టాలన్న ఈ అవసరాన్ని నోకియా ఆలస్యంగా పట్టించుకుంది. భారతీయ బ్రాండ్లు ముందే పట్టుకున్నాయి. పెద్ద స్పీకర్, ఎఫ్ఎం రేడియో, ఎక్కువసేపు వచ్చే బ్యాటరీ, రెండు సిమ్‌లు, తక్కువ ధర. ఊళ్లలో షాపులు వీటితో నిండిపోయాయి. 2014లో సెల్‌కాన్ 2,999 రూపాయలకే ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోన్‌ను తెచ్చింది. స్మార్ట్‌ఫోన్ అంటే పెద్ద ఉద్యోగస్థులకే అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒక నిజం కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మన బ్రాండ్ల ఫోన్లు చాలావరకు చైనా ఫ్యాక్టరీల్లో తయారై, మన పేరు వేసుకుని వచ్చినవే. 2015 కేంద్ర బడ్జెట్‌తో పన్నుల లెక్క మారింది. బయట నుంచి తెచ్చిన ఫోన్ మీద పన్ను ఎక్కువ, ఇక్కడ బిగించిన ఫోన్ మీద తక్కువ. అదే ఏడాది సెల్‌కాన్ హైదరాబాద్ దగ్గర మేడ్చల్‌లో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ తెరిచింది. 2017లో తిరుపతి దగ్గర రేణిగుంటలోనూ మొదలుపెట్టింది.

కానీ అప్పటికే గాలి మారింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి అందరినీ 4జీకి మార్చేసింది. మన బ్రాండ్ల దగ్గర ఎక్కువగా ఉన్నవి పాత 3జీ ఫోన్లు. పెద్ద పెట్టుబడి, సొంత డిజైన్, సొంత పరిశోధన ఉన్న చైనా కంపెనీలు ఒక్కసారిగా మార్కెట్‌ను కమ్మేశాయి. రెండు మూడేళ్లలోనే భారతీయ బ్రాండ్లన్నీ వెనకబడ్డాయి. సెల్‌కాన్ పేరు కూడా షాపుల్లో తగ్గిపోయింది.

శ్రీసిటీలో ఏం జరుగుతోంది?

తమిళనాడు సరిహద్దులో, ఇప్పటి తిరుపతి జిల్లాలో శ్రీసిటీ ఉంది. అక్కడ తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2015లో షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. షియోమీ మన దేశంలో తయారుచేసిన మొదటి ఫోన్, రెడ్‌మీ 2 ప్రైమ్, ఆ ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదలైంది. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లు బిగించేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలే. "చైనా ఫోన్" అని మనం పిలిచే ఫోన్ల మీద మన తెలుగు అమ్మాయిల చేతివేళ్ల పని ఉంది.

అయితే తయారీ అన్న మాటను పిల్లలకు సరిగ్గా చెప్పాలి. తయారీ ఒక మెట్ల వరుస. విడిభాగాలు తెచ్చి బిగించడం మొదటి మెట్టు. బ్యాటరీ, కెమెరా, తెర లాంటి విడిభాగాలను ఇక్కడే చేయడం రెండో మెట్టు. ఫోన్‌కు మెదడు లాంటి చిప్‌ను డిజైన్ చేయడం ఇంకా పై మెట్టు. ఆ చిప్‌ను అచ్చు వేసే ఫ్యాక్టరీ పెట్టడం చాలా పెద్ద మెట్టు. తైవాన్ లాంటి కొద్ది దేశాలే ఆ పని బాగా చేయగలుగుతున్నాయి. ఇవన్నీ కలిపి 'ఎవరికి ఎలాంటి ఫోన్ కావాలి' అని నిర్ణయించేవాడు అన్నింటికంటే పైన ఉంటాడు. ఒక ఫోన్ అమ్మితే ఎక్కువ డబ్బు మిగిలేది కూడా పై మెట్ల దగ్గరే.

మనం మొదటి మెట్టు ఎక్కాం. రెండో మెట్టు మీద కాలు పెడుతున్నాం. మూడో మెట్టు దగ్గరా మనవాళ్లు ఉన్నారు. ఫోన్ చిప్‌లు డిజైన్ చేసే అమెరికా కంపెనీ క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. అక్కడ పనిచేసేవాళ్లలో మన ఊళ్ల బడుల్లో చదివినవాళ్లూ ఉంటారు. కానీ పేరు, నిర్ణయం, పేటెంట్ ఇంకా బయటివాళ్లవే.

మొదట వచ్చినవాళ్లు ఏమయ్యారు?

2007లో ఐఫోన్ వచ్చింది. నోకియా అప్పటికి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. వేలితో తాకే తెర, యాప్‌లు వస్తున్నాయని దానికి తెలియక కాదు. ఉన్న సాఫ్ట్‌వేర్‌నే పట్టుకుని ఆలస్యం చేసింది. 2014లో తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మేసింది. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో 2006లో తెరిచిన నోకియా పెద్ద ఫ్యాక్టరీ 2014 నవంబరు 1న మూతపడింది. వేలమంది యువతీయువకుల ఉద్యోగాలు పోయాయి. మోటరోలా ఫోన్ల విభాగం 2012లో గూగుల్ చేతికి, 2014లో చైనా కంపెనీ లెనోవో చేతికి వెళ్లింది. సెల్‌ఫోన్‌ను లోకానికి ఇచ్చిన కంపెనీ పేరు ఇప్పుడు ఇంకో కంపెనీ బ్రాండ్‌గా మిగిలింది.

మోటరోలా, నోకియా, మన భారతీయ బ్రాండ్లు, మూడు కథల్లోనూ గెలుపుకు కారణం ఒకటే. వాడేవాళ్ల కష్టం ఏమిటని అడిగిన రోజు గెలిచారు. మనిషికి ఫోన్ కావాలని కూపర్ అడిగారు. టార్చ్ కావాలని నోకియా గమనించింది. రెండు సిమ్‌లు కావాలని మనవాళ్లు గమనించారు. అడగడం ఆపిన రోజు, లేదా అడిగినా సొంతంగా చేసుకునే సత్తా లేని రోజు, ఆట చేజారింది.

టీచర్‌గా నాకు ఇది చాలా దగ్గర విషయం. మన పిల్లలు జవాబులు బాగా నేర్చుకుంటున్నారు. ఫస్ట్ ర్యాంకుల మీద మనకున్న శ్రద్ధలో తప్పు లేదు. ఆ ర్యాంకుతో పాటు 'ఇది ఎలా పనిచేస్తుంది, దీంతో ఎవరికి ఇబ్బంది ఉంది, ఇంకా బాగా ఎలా చేయొచ్చు' అని అడిగే అలవాటు కూడా బడి నుంచే రావాలి. రేపు ఇంటర్‌లో గ్రూపు, ఆ తర్వాత బ్రాంచి ఎంచుకునేటప్పుడు చాలా ఇళ్లలో కంప్యూటర్ సైన్స్ ఒక్కటే మాట వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్, మెకానికల్, మెటీరియల్స్, డిజైన్ కూడా ఫోన్ తయారీకి అంతే అవసరం. పాలిటెక్నిక్‌లో చదివి ఇలాంటి ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లయినవాళ్లూ ఉన్నారు. మీ అబ్బాయి పాడైన టార్చ్‌ను విప్పి కూర్చుంటే, మీ అమ్మాయి పాత రేడియో స్క్రూలు తీస్తుంటే, టైమ్ వేస్ట్ అని వెంటనే తిట్టకండి. ముందు ఏం చూస్తున్నారో అడగండి.

ఈ నెల ఇంట్లో పిల్లలతో చేయండి

1. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలను ఇంటర్వ్యూ చేయించండి. వాళ్లు మొదటిసారి ఫోన్లో ఎవరితో మాట్లాడారు? పీపీ నంబర్ ఎవరిది? మొదటి సెల్ ఎప్పుడు కొన్నారు? పది వాక్యాలు తెలుగులో, పది వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయించండి.

2. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒకచోట పెట్టి, పెట్టె మీదో వెనకో తయారైన దేశం పేరు ఎక్కడ రాసి ఉందో చూడమనండి. కంపెనీ ఏ దేశానిది, ఫోన్ తయారైంది ఏ దేశంలో, రెండు గళ్లతో పట్టిక వేయించండి. రెండూ వేరుగా ఉంటే ఎందుకో మీరు చెప్పగలరు.

3. డయల్ చేసేచోట స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కనిపిస్తుంది. ఇది ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు. మొదటి ఎనిమిది అంకెలు ఆ మోడల్‌ను తెలుపుతాయి. ఈ నంబర్‌ను డైరీలో రాసి భద్రపరచండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదులో అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

4. తిరువూరు వెళ్లేటప్పుడు దారిలో కనిపించే టవర్లు లెక్కపెట్టమనండి. ఇళ్లు ఎక్కువగా ఉన్నచోట టవర్లు దగ్గరగా, పొలాల మధ్య దూరంగా ఎందుకున్నాయో పైన చెప్పిన మైకు ఉదాహరణతో వాళ్లనే చెప్పమనండి.

5. పనికిరాని పాత కీప్యాడ్ ఫోన్ ఉంటే పెద్దవాళ్ల సమక్షంలోనే విప్పి చూపించండి. ముందుగా బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీని గుచ్చడం, వంచడం, వేడి చేయడం ప్రమాదం. ఉబ్బిన బ్యాటరీని అసలు ముట్టుకోనివ్వొద్దు.

చివరగా పిల్లలను ఒక ప్రశ్న అడగండి: "మన ఊరివాళ్ల కోసం నువ్వే ఒక ఫోన్ తయారుచేస్తే అందులో ఏం పెడతావు?" మిర్చి కోతలకు వెళ్లేవాళ్లకు, మామిడి తోట కాపలా తాతకు, చూపు తగ్గిన అమ్మమ్మకు ఏం కావాలో ఆలోచించమనండి. బొమ్మ గీసి, కింద నాలుగు మాటలు రాసి డైరీతో పాటు పంపండి. వచ్చినవన్నీ క్లాస్ నోటీసు బోర్డు మీద పెడతాం.